నాలుగు టాకాలు

బిడ్డ ఫికర్ చేయొద్దని చెప్పి పంపిందంటే ఫికర్ చేయాల్సింది ఏదో జరిగినట్టే కదా. ఏమీ కాకపోతే ఆ మాట నోట్లోకి ఎందుకు వస్తుంది. అన్నం తిన్నాను, ఫికర్ చేయొద్దు అని ఎవరైనా అంటారా. తాండూరు నుంచి వచ్చిన ఈ బస్సు చేవెళ్ల బస్టాండు దాటిందో లేదో మళ్లీ ఆగింది, ఎవరో కొత్తిమీర మూటలు ఎక్కిస్తున్నారు, కండక్టరు వద్దంటున్నాడు, వాళ్లు ఎక్కిస్తూనే ఉన్నారు. ముందు సీటు కమ్మిని రెండు చేతులతో గట్టిగా పట్టుకుని కూర్చున్నాను, నేను పట్టుకుంటే బస్సు తొందరగా పోతుందా. నాలుగు టాకాలట, నాలుగు కుట్లు. పక్కింటి వసంతమ్మ గోడ మీది నుంచి అట్లాగే చెప్పింది. మా వాడకంతా వాళ్ల కిరాణా దుకాణంలోనే ఫోను. కాలేజీలో చేతిపని ఉన్న రోజు మధ్యాహ్నం అరుణ ఆ దుకాణానికి ఫోన్ చేసి "ఏం కాలేదు" అని చెప్పాలి, ఆ రెండు మాటలు వసంతమ్మ గోడ మీది నుంచి నాకు అందించాలి, అది నేను పెట్టిన షరతు. పిల్ల వెల్డింగు చదువులో చేరిన మొదటి సంవత్సరం నుంచి నడుస్తున్నది. వసంతమ్మకు నవ్వులాట. "ఇయ్యాల గూడ ఏం కాలేదంట రమా, నీ బిడ్డ రేపు పెండ్లి పీటల మీదికెల్లి గూడ గిదే ఫోన్ జేస్తదేమో" అంటుంది. అననీ. ఆ రెండు మాటలు వినపడితేనే నాకు ముద్ద దిగుతుంది. ఇవాళ ఆ మాటలు రాలేదు. ఇవాళ వసంతమ్మ నవ్వలేదు కూడా. "మీ అరుణ ఫోన్ జేసింది. నాలుగు టాకాలు పడ్డయంట. లేటయితదంట. అమ్మను ఫికర్ చెయ్యొద్దను అన్నది" అని చెప్పింది. యాడ పడ్డయి అని అడిగాను. "అది అడిగేలోపలె కట్టయింది. ఎనుక అంత గరగర, ఏం ఇనవడ్తది?" అంది. గరగర అంటే మిషన్ల చప్పుడేనా, జనం గుమిగూడిన చప్పుడా.

ఆనంద్‌కుమార్ పుట్టినరోజుకు వాళ్లమ్మ వసంతమ్మ కుట్టించుకుంటున్న జాకెట్టే నా చేతిలో ఉండింది, కచ్చా కుట్టు వేసి చంకలు సరిచూస్తున్నాను, మిషన్ మీద అట్లాగే పడేసి వచ్చేశాను. తలుపుకు తాళం వేశానా. వేశాను. వేశాననే అనుకుంటున్నాను. మా ఆయన ఎల్లేశ్ మార్కెట్‌లో ఉన్నాడు, ఇవాళ టమాట దింపాలి, ఆయనకు చెప్పి రాలేదు. చెబితే ఏమంటాడో నాకు తెలుసు, "పిల్ల పోయింది సదువుకోను, యుద్ధానికి గాదు" అంటాడు. ఆయనకు ఏదైనా కళ్లతో చూసేదాకా జరిగినట్టు కాదు. నాకు జరగకముందే జరిగినట్టు.

బస్సు కదిలింది. నాలుగు అంటే చిన్నదేం కాదు. అరుణ చిన్నప్పుడు గచ్చు మీద పడి గదమ పగిలితే ఇదే చేవెళ్ల సర్కారు దవాఖానలో కంపౌండరు మూడు టాకాలు వేశాడు, మూడింటికే నా కొంగంతా రక్తం, పిల్ల ఏడవలేదు, నేను ఏడ్చాను, "అమ్మా, కుట్లు నీకా పిల్లకా" అని కసిరాడు. ఇప్పటికీ తల దువ్వుతున్నప్పుడు గడ్డం కింద ఆ మచ్చ నా వేలికి తగులుతుంది. మూడింటికి అంత గాయమైతే నాలుగింటికి ఎంత. చేతికా. చేతికైతే ఏ చేతికి. వేళ్లకైతే నరాలు తెగుతాయి. ముఖానికైతే, అద్దం పెట్టుకుంటారు కదా ముఖానికి, ఆ నల్ల అద్దం పగిలితే. వద్దు, అది అనుకోవద్దు. కాలికైతే బాగుండు. కాలికైతే మానుతుంది, చీర కింద, సల్వారు కింద కనపడదు. దేవుడా, కాలికే చెయ్యి. ఇదేం మొక్కు, కన్నబిడ్డకు కాలు తెగాలని మొక్కే తల్లిని నేనొక్కదాన్నే ఉంటాను.

పక్కన కూర్చున్న అమ్మాయి ఒళ్లో లావు పుస్తకం, దాని మీద ఇంగ్లీషు అక్షరాలు. చేవెళ్లలో నాతోపాటే ఎక్కింది. ఈ రోడ్డంతా ఇప్పుడు ఇట్లాంటి పిల్లలే. కేతిరెడ్డిపల్లి దాకా జొన్న చేలుండేవి, ఇప్పుడు తెల్ల రంగు వేసిన రాళ్లు పాతారు, ప్లాట్లట, ఆ ప్లాట్ల నడుమ కాలేజీ బోర్డులు, ఏ బోర్డు చూసినా కంప్యూటరు బొమ్మే, దాని ముందు కూర్చున్న పిల్ల నవ్వుతూ ఉంటుంది. ఆ బొమ్మలో పిల్లకు దెబ్బ ఎక్కడ తగులుతుంది, కుర్చీలో కూర్చున్నదానికి.

"ఏం సదువుతున్నవ్ బిడ్డా?"

"కంప్యూటర్స్ ఆంటీ. మీరెక్కడిదాక?"

"మొయినాబాద్. మా పిల్ల ఆడ కాలేజీల ఉన్నది. వెల్డింగు."

"వెడ్డింగా? ఎప్పుడాంటీ? కంగ్రాట్స్!"

కాదమ్మా అని చెప్పే ఓపిక లేక తల ఊపాను. ఆ పిల్ల సంతోషంగా నవ్వి మళ్లీ పుస్తకంలోకి పోయింది. నిజమే, వెల్డింగు అంటే ఎవరికి అర్థమవుతుంది. పదో తరగతి అయ్యాక డిప్లొమా సీటు కోసం పోయిన నాడు కంప్యూటర్ల కాడ వరుస గేటు బయటి దాకా ఉన్నది, మా తమ్ముడు గోవర్ధన్ దానిలో నిలబడమని పిల్లను అక్కడ పెట్టి టీకి పోయాడు, వచ్చేసరికి అది పక్క వరుసలో నిలబడి పేరు రాయించుకుని వచ్చింది. వెల్డింగ్ ఇంజనీరింగ్ టెక్నాలజీ. గోవర్ధన్ ముఖం చూడాలి అప్పుడు. "ఏందే గది? గడ్డపారలు అతికిచ్చే సదువా?" అంటే అది "లైను చిన్నగ ఉన్నది మామా, ఎండ గొడ్తున్నది" అంది. అందరం నవ్వాము, నేను కూడా నవ్వాను, నవ్వుతూ నవ్వుతూ ఒప్పేసుకున్నట్టయింది. ఎండ కోసం కాదని నాకు తెలుసు. అది ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు కనకమామిడి దాటాక ఎల్లేశ్ ఎక్కిన ట్రాక్టరు ట్రాలీ కొక్కెం ఊడి, ట్రాలీ తలకిందులై, టమాటలు రోడ్డంతా పరుచుకున్నాయి, ఆయన దూకాడు కాబట్టి కాళ్లు మిగిలాయి. అందరం ఆయన కాళ్లు చూస్తుంటే ఈ పిల్ల రోడ్డు మీద కూర్చుని విరిగిన కొక్కెం చూస్తున్నది. "బాపూ, దీన్ని ఎవరు అతికిచ్చిన్రు? పైన చూస్తె మంచిగనే ఉన్నది, లోపల పట్టనేలేదు" అంది. ఆ మాట నాకు చాలా రోజులు చెవుల్లో ఉండింది. పైన బాగానే ఉండి లోపల పట్టకపోవడం. అప్పటి నుంచి గేటు చూసినా, బస్సు మెట్టు చూసినా, అతుకు ఉన్న చోట వేలితో తడిమి చూస్తుంది, చిన్నపిల్లలు అరుగు మీది చీమలను చూసినట్టు. ఇప్పుడు నేను పట్టుకున్న ఈ కమ్మికి కూడా అతుకు ఉన్నది, నా అరచేతి కింద బొడిపెగా తగులుతున్నది. పట్టిందో లేదో.

మొదటి సంవత్సరం ఒక సాయంత్రం కళ్లు ఎర్రగా చేసుకుని వచ్చింది. నీళ్లు కారుతున్నాయి, కళ్లలో ఇసుక పోసినట్టున్నదన్నది, దీపం చూడలేకపోయింది. పక్కవాళ్లు చేస్తుంటే అద్దం లేకుండా ఆ వెలుగు చూసిందట, ఒక్కసారే, ఎట్లుంటుందో అని. ఆలుగడ్డ ముక్కలు కోసి కళ్ల మీద పెట్టాను, పెట్టి పక్కనే కూర్చుని మా అత్త ఊళ్లోని గుడ్డి ముసలమ్మను తలుచుకున్నాను, గోడ పట్టుకుని నడిచేది, అన్నం ఎక్కడున్నదో చేత్తో తడుముకునేది. పొద్దున్నే లేచి "అమ్మా, కనవడ్తున్నది, నీ ముఖం గూడ కనవడ్తున్నది, గట్ల పెట్టకు" అంది. ఆ రోజే నేను షరతు పెట్టాను, ఫోన్ చెయ్యాలని. ఆ రోజు నుంచే పొద్దున జడ నేనే వేస్తున్నాను, బిగించి చుట్ట చుట్టి గుడ్డ కడతాను, నిప్పురవ్వ పడకుండా. నైలాను వద్దని సార్ చెప్పాడంటే మందం నూలుగుడ్డ తెచ్చి మోకాళ్ల దాకా కోటు కుట్టాను, మెడ దగ్గర మూసేసి, జేబులు లేకుండా, జేబులో రవ్వ పడుతుందని. ఎడమ చేతి మీద గుడ్డ కాలి చిల్లు పడితే దానికి నీలం ముక్క వేశాను, ఇంట్లో వేరే రంగు లేక. అది వేసుకుంటే కంపౌండరులా ఉన్నావే అన్నాను. "అవునమ్మా, మాది గూడ దవాఖాన లెక్కనే. ఇనుముకు ఎక్స్‌రే తీస్తం తెల్సా? లోపల గాలి బుడగ ఉంటె ఫిలింల నల్లగ కనవడ్తది" అని మురిసిపోయింది. ఇనుముకు ఎక్స్‌రే. ఎల్లేశ్ ఆ మాట మార్కెట్లో అందరికీ చెప్పుకున్నాడు. చదువు అయిపోతే ఏమవుతావే అని గోవర్ధన్ అడిగితే వేళ్లు మడుస్తూ చెప్పింది, కరెంటు తయారుచేసే కాడ బాయిలర్లుంటయి, నూనె పైపులుంటయి, రైలు డబ్బాలుంటయి, ఓడలుంటయి, ముందు చేత్తోటి చెయ్యాలె, తర్వాత వేరేవాళ్లు చేసింది మంచిగున్నదా లేదా చూసి చెప్పే పని వస్తది, ఇన్‌స్పెక్టర్ అంటరు, ఆ మాట చెబుతున్నప్పుడు దాని గొంతు కొంచెం మారింది. "ఏసీ రూముల కూసుండి చేసే నౌకరీలు వద్దనుకుంట, ఎండల పైపుల మీద కూసుంటవా?" అన్నాడు వాడు. "ఆ ఏసీ రూము ఉన్న బిల్డింగు ఇనుము ఎవరు అతికిచ్చిన్రు మామా, కంప్యూటరా?" అంది. నా మనసు మాత్రం బాయిలరు అనే మాట దగ్గరే ఆగిపోయింది. బాయిలరంటే పేలేది కదా. పేపర్లో పడితే పేలిందనే పడుతుంది, బాయిలరు బాగున్నదని ఎవరైనా పేపర్లో వేస్తారా.

ఇవాళ పటాన్‌చెరు దిక్కు నుంచి కంపెనీవాళ్లు వచ్చారు, చివరి సంవత్సరం పిల్లలకు పరీక్ష పెట్టి ఎంచుకుంటారట. పొద్దున జడ వేస్తుంటే చెప్పింది, "రెండు పైపులు ఇస్తరమ్మా, చుట్టూ అతికియ్యాలె. ఎంచుకుంటే ముందు పటాన్‌చెరుల ఉంచుతరు, తర్వాత యాడికి పని వస్తె ఆడికి." ఎక్కడికీ అంటే, "సముద్రం ఒడ్డుకు గూడ." నా చేతిలో జడ అట్లాగే ఉండిపోయింది. సముద్రం నేను చూడలేదు. గండిపేట చెరువు చూస్తేనే నాకు గుండె జారుతుంది. పరీక్ష తప్పితే బాగుండు అని అప్పుడొక మాట మనసులో పుట్టింది, జడ బిగిస్తూ ఆ మాటను తొక్కేశాను. ఇప్పుడు అదే మాట తిరిగి వచ్చి తగిలినట్టున్నది. కానీ ఇంక చాలు. తీసుకొచ్చేస్తాను. టాకాలు మానినాక గోవర్ధన్ చెప్పిన చోట అమీర్‌పేటలో ఆర్నెల్ల కంప్యూటరు కోర్సులో వేస్తాను. ఆనంద్‌కుమార్ చేరలేదా, వాడికి పదో తరగతిలో లెక్కలే రావు, ఇప్పుడు మెడలో పట్టీ, పట్టీకి ఫొటో కార్డు, వసంతమ్మ ఆ కార్డు గురించి చెప్పని రోజు లేదు. ఏమని చెప్పాలి అరుణకు. బిడ్డా, నాకు ఇంక ఓపిక లేదు. కాదు, అట్లా అంటే నవ్విస్తుంది, నవ్విస్తే నేను ఒప్పుకుంటాను. అసలు మాట్లాడొద్దు. కోటు విప్పించి, చెయ్యి పట్టుకుని, తీసుకొచ్చేయాలి. టాకాలు పడ్డ చెయ్యి కాక రెండోది పట్టుకోవాలి.

మొయినాబాద్ వచ్చేసింది. దిగేటప్పుడు పక్కన పిల్ల "బాయ్ ఆంటీ, పెండ్లికి పిలువురి" అంది. ఆటోలవాళ్లు మీద పడ్డారు, "చిల్కూరా అమ్మా, చిల్కూరా? ఒక్క సీటే ఉన్నది, దర్శనం జల్ది అయితది." దర్శనానికి పోయే ముఖంలా ఉన్నదా నాది. ఉన్నదేమో, అక్కడికి పోయేవాళ్లకూ ఏదో ఒక భయమే కదా. సురంగల్ రోడ్డు మీది కాలేజీ అంటే ఒకతను ఎక్కమన్నాడు. దేవుడు ఇక్కడికి ఇంత దగ్గర్లోనే ఉన్నాడు, ఇక్కడి నుంచే దండం పెడితే చేరదా, చేతులెత్తి చిల్కూరు దిక్కుకు పెట్టాను, ఆటో గుంటలో పడి చేతులు విడిపోయాయి. అపశకునమా అనుకుని మళ్లీ పెట్టాను. గేటు దగ్గర అంబులెన్సు లేదు. లేదంటే, ఇంకా రాలేదా, వచ్చి వెళ్లిపోయిందా. వర్క్‌షాపు రేకుల షెడ్డు వెనకాల, పిల్ల ఒకసారి చూపించింది, నాకు దారి తెలుసు. చెట్ల కింద పిల్లలు కూర్చుని నవ్వుకుంటున్నారు. నవ్వుతున్నారు. ఒకరికి దెబ్బ తగిలితే ఇట్లా నవ్వుతారా, ఈ కాలం పిల్లలు నవ్వినా నవ్వుతారు.

షెడ్డు వాకిట్లో పౌలు సార్ నిలబడి ఉన్నాడు, అరుణకు మూడేళ్లుగా ఈ పని నేర్పిస్తున్నవాడు. నన్ను చూసి ఎదురొచ్చాడు.

"అరుణశ్రీ వాళ్ల అమ్మ గదా? ఏందమ్మా, గింత పరేశానుగ వచ్చిన్రు?"

"యాడున్నది సార్? ఏ దవాఖానకు తీస్కపోయిన్రు?"

"ఎవర్నమ్మా?"

"నా బిడ్డను సార్. నాలుగు టాకాలు పడ్డయంట గదా!"

ఆయన నా ముఖం చూశాడు, నా కాళ్లు చూశాడు, రెండు కాళ్లకు రెండు రకాల చెప్పులున్నాయని నేను కూడా అప్పుడే చూశాను. నవ్వు వచ్చినట్టుంది, మింగేశాడు.

"పడ్డయమ్మా. మంచిగ పడ్డయి. మీ పిల్లకు గాదు, పైపుకు. రెండు పైపులు మూతికి మూతి పెట్టి, కదలకుంట నాలుగు దిక్కుల జర్రంత జర్రంత అంటియ్యాలె. గవే టాకాలంటే. తర్వాత చుట్టూ అసలు అతుకు. కంపెనీ సారు టాకాలు చూసి ఓకే అన్నడు, సంబురంగ ఉరికింది మీకు ఫోన్ జేయను."

వాకిలి కమ్మి పట్టుకున్నాను. ఎడమ భుజం మీద జాకెట్టుకు ఏదో గుచ్చుకున్నది, చూస్తే సూది, దారంతో సహా, వసంతమ్మ జాకెట్టు కుడుతూ గుచ్చుకున్నది గుచ్చుకున్నట్టే వచ్చేశాను. నాకు కుట్టు నేర్పిన ఖాలా ఏమనేది. "పైలే కచ్చా టాకా మార్, ఫిర్ మిషన్ చలా" అనేది. గుడ్డ కదలకుండా ముందు కచ్చా టాకా, ఆ తర్వాతే మిషను. చేవెళ్లలో ఆమె వరండాలో కూర్చుని ఎన్ని వేల సార్లు విన్నానో, ఎన్ని వేల సార్లు వేశానో, ఫోను వచ్చినప్పుడు నా చేతిలో ఉన్నది కూడా అదే. అదే మాట గోడ మీది నుంచి వస్తే నాకు రక్తం కనపడింది, గుడ్డ కనపడలేదు.

"పిలవాల్నా అమ్మా?" అన్నాడు సార్. "పిలిస్తె ఆపుతది. మీరంటె ఆపుతది. కాని ఇప్పుడు అసలుది నడుస్తున్నది. రాడ్డు అయిపోకముందె ఊర్కె ఆపిన కాడ లోపల సందు వడ్తది, ఎక్స్‌రేల దొరుకుతది. మీ ఇష్టం మల్ల."

లోపల నల్లటి ముసుగులు పెట్టుకున్నవాళ్లు ముగ్గురు, తెరల మధ్య వంగి ఉన్నారు, ముఖాలు లేవు ఎవరికీ. ఎడమ చేతి మీద నీలం ముక్క ఉన్నదెవరో చూశాను. మూలన ఉన్నది. మోకాలి మీద కూర్చుని పైపు కిందికి వంగి చేస్తున్నది, మెడ అంత వంచితే నొప్పి పుట్టదా, చేతి కింద రవ్వలు రాలుతున్నాయి, కోటు మీద పడి ఆరిపోతున్నాయి. అరుణా అని పిలవడానికి నోరు అప్పటికే తెరుచుకుని ఉన్నది. అది పుట్టినప్పటి నుంచి ఆ పేరును నేను ఊరికే పిలిచింది లేదు, చెరువు దగ్గరికి పోతుంటే పిలిచాను, పొయ్యి దగ్గరికి పోతుంటే పిలిచాను, రోడ్డు దాటుతుంటే పిలిచాను, ప్రతిసారీ ఆగింది. ఇప్పుడు కూడా ఆగుతుంది. ఆగితే ఇంటికి తీసుకుపోవచ్చు. పటాన్‌చెరు ఉండదు, సముద్రం ఉండదు, బాయిలరు ఉండదు. ఒక్క పిలుపు చాలు. కనకమామిడి రోడ్డు మీద విరిగిన కొక్కెం ముందు కూర్చున్న పిల్ల కనపడింది. లోపల పట్టనేలేదు బాపూ. అట్లాంటి సందు ఒకటి నా నోటితో పడాలా. కొంగు తీసి నోటికి అడ్డం పెట్టుకున్నాను.

"వద్దు సార్. కానియ్యుండ్రి."

వెలుగు ఆగింది. చేతిలో రాడ్డు అయిపోయినట్టుంది. అరుణ ముసుగు పైకెత్తి, పక్కన ఉన్న పెట్టెలోంచి ఇంకో రాడ్డు అందుకోబోతూ వాకిట్లో నన్ను చూసింది. దాని ముఖం మాడిపోయింది. ఆ ముఖం నాకు తెలుసు, అది నా ముఖమే, ఇంకొకరి ఒంటి మీద చూస్తున్నట్టుంది.

"అమ్మా! ఏమైంది? బాపుకేమన్న అయిందా?"

చేతులు వణకకూడదు దానికి. పైపు చల్లారకూడదు.

"ఏం కాలేదు" అన్నాను.

"నిజమా?"

"ఏం కాలేదే. ఊర్కెనె వచ్చిన. నువ్వు కానియ్యి."

ఇంకో క్షణం నా కళ్లలోకి చూసింది, వసంతమ్మ గోడ మీది నుంచి అదే మాట చెబుతుంటే నేను ఆమెను ఎట్లా చూస్తానో అట్లా. తర్వాత రాడ్డు బిగించి ముసుగు దించుకుంది. సార్ చెప్పకముందే నేను వెనక్కి తిరిగి, వెలుగు వైపు వీపు పెట్టి నిలబడ్డాను. మంచిగా అంటుకుంటుంటే నూనెలో మిర్చీ బజ్జీలు కాలినట్టు ఒక్క తీరున చప్పుడు వస్తుందని, చప్పుడు తెగితేనే తప్పు పడ్డట్టని అది ఎప్పుడో నాకు చెప్పింది. చప్పుడు మొదలైంది. వింటున్నాను, ఇంకా తెగలేదు.